భిక్షపతి గొంతున్న డిస్కు

దిల్‌సుఖ్‌నగర్‌లో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే గది. 2011 అక్టోబరు; సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. గదిలో యజమాని చక్రపాణి, అతని భార్య సూర్యప్రభ. బల్ల మీద స్పీకరు పెట్టిన ఫోనులో, చౌటుప్పల్ అవతలి ఊరి నుంచి, వాళ్ల దగ్గర మిక్సింగ్ పని చేసే సంధ్యారాణి.

“ఆగుండ్రి సార్, ఆగుండ్రి. అప్పుడే కంప్యూటర్ మూత తీసిన్రా?”

“తీశాను. రెండు స్క్రూలేగా. పాత గ్రాఫిక్స్ కార్డు పీకెయ్యనా?”

“గోడకున్న ప్లగ్గు తీసిన్రా?”

“కరెంటే లేదమ్మా. మీ బొగ్గుగనుల వాళ్ల పుణ్యమా అని రోజూ కోతే. ప్లగ్గు తీస్తే ఎంత, తియ్యకపోతే ఎంత?”

“అందరు గట్లనే అనుకుంటరు సార్. మీ చెయ్యి లోపల ఉన్నప్పుడు కరెంటొస్తే? చెప్పి పోయిందా, చెప్పి ఒస్తదా? తియ్యుండ్రి.”

“ప్రభా, ఆ ప్లగ్గు తియ్యి.”

“ఏదండీ? ఇక్కడ మూడున్నాయి.”

“మూడూ పీకు.”

“మేడం, యూపీఎస్ గూడ బంద్ చెయ్యుండ్రి.”

“అది కూసి కూసి ఎప్పుడో చచ్చింది అమ్మాయ్.”

“చచ్చినట్టు కనవడ్తది మేడం, లోపల ఉంటది. బటన్ నొక్కి ఆపుండ్రి. సార్, ఇప్పుడు కంప్యూటర్ ఆన్ బటన్ నొక్కి, పది లెక్కవెట్టేదాక పట్టుకోండ్రి.”

“ప్లగ్గులు పీకించి ఆన్ చెయ్యమంటావేంటి?”

“లోపల మిగిలిన కరెంటు దిగిపోతది.”

“ఎనిమిది, తొమ్మిది, పది. సరే. ఏం లేదు, ఏం రాలేదు.”

“ఏం రాకపోవుడే మంచిది. సార్, ఒక్క మాట.”

“చెప్పు తొందరగా.”

“నా ఫోల్డర్ ఉన్నది గద?”

“మళ్లీనా! ఫోనెత్తగానే అడిగావు. చెప్పాను.”

“మళ్ల చెప్పుండ్రి.”

“ఉందమ్మా. డీ డ్రైవులో, నువ్వు పెట్టినచోటే ఉంది. ఎక్కడికి పోతుంది?”

“అదే డిస్కు సార్ ఇది. ఒక్క వైరు తప్పు పెడితే కార్డుతోని ఆగదు. డిస్కు గూడ కాలుతది. అందుకే అడుగుతున్న.”

“నాకు తెలియదా? అదే డిస్కులో త్రినాథరావుగారి అమ్మాయి పెళ్లి కూడా ఉంది. రేపు పది గంటలకి డీవీడీలు చేతిలో పెట్టాలి. వియ్యాలవారు కారు మాట్లాడుకుని కూర్చున్నారు. ఈ పాత కార్డేమో రెండు నిమిషాలకోసారి బిగుసుకుపోతోంది. మెకానిక్ జోగారావు దసరాకి ఊరెళ్లి అక్కడే ఉండిపోయాడు. నువ్వేమో సమ్మెలో కూర్చున్నావు.”

“నేను యాడ కూసున్న సార్? బస్సు లేదు. బతుకమ్మకు అత్తమ్మను చూసొద్దామని ఎట్లనో జీపుల ఒచ్చిన, ఈడనే ఇరికిన. మొన్న రోడ్డు దాక నడిచిన. ఎల్‌బీ నగర్ పోయేటి జీపులల్ల మనుషులు బయటికి ఏలాడుతున్నరు. నేను యాడ పట్టుకొని ఏలాడాలె?”

“బస్సులాపింది ఎవరు? మీవాళ్లేగా.”

“నన్నడిగి ఆపిన్రా సార్? మిమ్మల్నడిగి కలిపిన్రా ముందుగాల?”

“చూశావా ప్రభా? తొమ్మిదేళ్లు నా దగ్గర పని నేర్చుకుంది. ఇప్పుడు మాట్లాడ్డం కూడా నేర్చుకుంది.”

“పని నేర్పింది మీరు గాదు సార్, మా ఆయన. జర, ఆ డబ్బ ఇనుప అంచు పట్టుకోండ్రి ఒట్టి చేత్తోని.”

“ఎందుకు?”

“ఒంట్ల ఉన్న కరెంటు పోతది. మేడం ఏం చీర కట్టుకున్నరు?”

“ఇది కూడా కావాలా నీకు? నైలెక్స్.”

“అయితే మేడం దూరంగ ఉండి టార్చి పట్టాలె. గా చీర కొంగు కార్డుకు తగిలితే కంటికి కనవడని నిప్పు రవ్వ ఎగురుతది. మనకు తెల్వది, దానికి తెలుస్తది.”

“విన్నారా? నా చీర కూడా తప్పే.”

“ప్రభా, టార్చి సరిగ్గా పట్టు. కొంగు దోపుకో. సంధ్యా, పాత కార్డుకి స్క్రూ తీశాను. లాగుతుంటే రావట్లేదు.”

“లాగకుండ్రి! కింద బోర్డు మీద చిన్న నాలుకలెక్క ఉంటది. వేలితోని దాన్ని కిందికి ఒత్తి, అప్పుడు నిటారుగ పైకి.”

“ఆ... వచ్చింది. కొత్తది పెడుతున్నా.”

“అంచులు పట్టుకొని పెట్టుండ్రి. బంగారు రంగు గీతలు ముట్టద్దు.”

“పెళ్లికూతురి చెయ్యి కూడా ఇంత జాగ్రత్తగా పట్టుకోరు.”

“మీ పెండ్లి వీడియోలో చూసిన సార్. మీరు మేడం చెయ్యి పట్టుకోలే, గడియారం చూసుకున్నరు.”

“హహ! నిజమేనండీ. అమ్మాయికి అన్నీ గుర్తే.”

“నోళ్లు మూస్తారా ఇద్దరూ? పెట్టాను. నొక్కుతున్నా. టక్కుమంది.”

“ఒక్కసారే అన్నదా?”

“ఒక్కసారే.”

“స్క్రూ బిగించుండ్రి. ఇప్పుడు అసలు పని సార్. కార్డుకు ఎనక మూల మీద నల్లటి మూతి ఉంటది, ఆరు పిన్నులు. దానికి కరెంటు వైరు పెట్టాలె. బోర్డు ఇచ్చే కరెంటు దాని కడుపుకు చాలది.”

“వైరు సిద్ధంగా ఉంది. ప్రభా, ఆ కట్ట ఇలా ఇవ్వు.”

“ఏం కట్ట?”

“వైర్ల కట్ట. రెండు పక్కలా మూతులున్నవి. ఒక పక్క కార్డుకి, ఇంకో పక్క కింద ఫ్యానున్న కరెంటు డబ్బాకి. అదే, ఎస్‌ఎంపీఎస్‌కి. సరిగ్గా సరిపోతోంది. ఇదిగో దూర్చేస్తున్నా.”

“వద్దు సార్! తియ్యుండ్రి. తియ్యుండ్రి చెయ్యి!”

“అరవకు! ఏమైంది?”

“గా కట్ట ఎట్లొచ్చింది? రెండు కంప్యూటర్ల వైర్లు ఏరేరు అట్టడబ్బలల్ల పెట్టిన గద నేను? మీద రాసిన గూడ.”

“నేనే కట్టాను అమ్మాయ్. ఆయుధ పూజకి. రెండు కంప్యూటర్లూ దులిపి, పని లేకుండా వేలాడేవన్నీ ఊడదీసి, నీ అట్టడబ్బాల్లో ఉన్నవి కూడా తీసి, తడిగుడ్డ పెట్టి తుడిచాను.”

“తడిగుడ్డ!”

“ఎండలో ఆరేశానులే. పసుపూ కుంకుమా పెట్టి, పూజయ్యాక అన్నిటికీ కలిపి రబ్బరు బ్యాండు వేశాను. అన్నీ నల్లగానేగా ఉన్నాయి.”

“నల్లగనే ఉంటయి మేడం. గా రెండు ఎస్‌ఎంపీఎస్‌లు ఏరేరు కంపెనీలయి. కార్డు దిక్కు అన్నిటి మూతి ఒక్కతీరుగనే ఉంటది. డబ్బ దిక్కు గూడ సక్కగ పడ్తది. లోపల తీగల వరుస మాత్రం ఏరు. పన్నెండు వోల్టులు పోవాల్సిన కాడ ఇంకోటి పోతది. స్విచ్చి ఏసిన సెకనుల అయిపోతది అంత.”

“సరిగ్గా పట్టిందే! పట్టనిదైతే వేరు.”

“గుడి ముంగట చెప్పులు సార్. మంది చెప్పులు గూడ మన కాలికి పడ్తయి.”

“మరి మనదేదో ఎలా తెలుస్తుంది?”

“తెల్వది. నేనే చూడకుంట చెప్పలేను. కట్ట మొత్తం దూరం పెట్టుండ్రి. దాన్ని నమ్మద్దు.”

“మరి కార్డుకి కరెంటు? హారతి ఇవ్వనా?”

“ఎస్‌ఎంపీఎస్‌కే పుట్టిన వైర్లు ఉంటయి, ఊడిరానియి. పసుపు, ఎరుపు, నలుపు రంగులల్ల. వాటిని మార్చేటట్టు లేదు, కాబట్టి తప్పు గూడ పోదు. వాటి మీంచి తీసుకుందాం.”

“ఉన్నాయి. ఒకటి ఊరికే వేలాడుతోంది. నాలుగు పిన్నులు. దూరుస్తున్నా... కాస్త బిగువుగా ఉంది. గట్టిగా నొక్కితే లోపలికి పోయేలా ఉంది.”

“నొక్కకుండ్రి! అన్ని పసుపు, నలుపు తీగలేనా దానికి?”

“అవును. రెండు పసుపు, రెండు నలుపు.”

“అది ప్రాసెసర్‌కు పెట్టే మిగులు వైరు సార్. పసుపు, నలుపు ఉల్టా ఉంటయి అందుల. ఎప్పుడైనా సరే, వైరు దానంతట అది పోవాలె. మనం బలం పెట్టినమంటే మనం తప్పు చేస్తున్నట్టు.”

“నాకు నీతులు చెప్పకు. ఏం చెయ్యాలో చెప్పు.”

“కార్డొచ్చిన అట్టడబ్బల చూడుండ్రి. పొట్టి వైరు ఉంటది. ఒక దిక్కు ఆరు పిన్నుల మూతి, ఇంకో దిక్కు రెండు కాళ్లు.”

“ప్రభా, ఆ అట్టపెట్టె?”

“పాలవాడికిచ్చేశాను.”

“ఏంటీ!”

“లేదండీ, ఇక్కడే ఉంది. మీ మొహం చూద్దామని. ఇదిగో, పొట్టి వైరు. రెండు కాళ్లున్నాయి అమ్మాయ్.”

“అదే మేడం. కాళ్లకు నాలుగేసి పిన్నులు ఉంటయి. ఎస్‌ఎంపీఎస్ నుంచి ఒచ్చే వైర్లల్ల, పసుపు ఒకటి, ఎరుపు ఒకటి, నలుపు రెండు ఉన్న తెల్ల మూతులకు అవి పోతయి.”

“దొరికింది. ఒకే వైరు మీద పక్కపక్కనే రెండు తెల్ల మూతులున్నాయి. రెండు కాళ్లూ దీనికే తగిలిస్తున్నా. అయిపోయింది.”

“కాలె సార్. ఒక కాలు తియ్యుండ్రి.”

“ఇప్పుడేంటి?”

“రెండు కాళ్లు ఒక్క వైరుకే పెడితే బరువంత ఒక్క వైరు మీదనే పడ్తది. వేడెక్కుతది, మూతి కరుగుతది. ఎస్‌ఎంపీఎస్ నుంచి ఇంకో వైరు ఏరేగ ఒచ్చింది చూడుండ్రి. ఒక కాలు దానికి, ఒక కాలు దీనికి.”

“ఒక్క రోజు పనికి ఏమవుతుందే? రేపు మార్చుకుందాం.”

“ఒక్క రోజు పనే అన్నరు సార్ అప్పుడు గూడ.”

“ఎప్పుడు?”

“ఫిబ్రవరిల. మూడు ముహూర్తాలు ఉండె. కెమెరామెన్‌లు ఇద్దరు ఉన్నరు. రెండోవాన్ని తోలియ్యలే మీరు. మా ఆయననే రాత్రంత వనస్థలిపురంల తీసి, పొద్దుగాల సూర్యాపేట పొమ్మన్నరు. నిద్ర లేకుంట బండి నడిపిండు. పెద్ద అంబర్‌పేట్ కాడ...”

“ఇప్పుడెందుకా గొడవ? లారీవాడు కొట్టాడు. నేను కొట్టానా?”

“మీరు దవాఖానకు ఒచ్చిన్రు. ఒచ్చి ఏమడిగిన్రు?”

“సంధ్యా, కాలు మార్చాను. రెండో వైరుకి పెట్టాను. చూడు.”

“కెమెరా ఏదని అడిగిన్రు.”

“అద్దెకి తెచ్చిన కెమెరా అది. అడగనా?”

“కెమెరాకు గీత పడలే. ఛాతికి పట్టుకొని పడ్డడు. మీరు దాన్ని తిప్పి తిప్పి చూసిన్రు, అటెన్క ఆయన దిక్కు చూసిన్రు.”

“ఏమండీ, ఊరుకోండి. ఆ అమ్మాయిని ఏమీ అనకండి.”

“నేనేమన్నాను? భిక్షపతికి నేనేం తక్కువ చేశాను? పని నేర్చుకోవడానికి వచ్చినవాణ్ని కెమెరామెన్ని చేశాను. వాడి నోటి దురదొక్కటే. ప్రతి పెళ్లిలో వాడి గొంతే. ‘పెదనాన్నా జర గడ్డం పైకి, పెదనాన్నా జర గడ్డం పైకి.’ మంత్రాల మీద ఆ కూతలన్నీ ఎవరికి కావాలి? కోసి పారెయ్యమన్నాను.”

“పారేసిన గద సార్. ఆయన బతికున్నప్పుడు నేనే పారేసిన. తొమ్మిదేండ్లు పారేసిన. ఆయన మాట రాంగనే కట్ చేసి, మీద పాట ఏసుడు. ఇంటికి పోయినంక నవ్వుతుండె, ‘ఇయ్యాల ఎన్నిసార్లు నా గొంతు కోసినవే’ అని.”

“మరి పారేసినదాన్ని మళ్లీ దాచడమెందుకు అమ్మాయ్?”

“పోయినంక తెలిసింది మేడం, ఇంట్ల ఒక్క కాడ గూడ ఆయన మాట లేదని. ఫొటో ఒకటున్నది. ఫొటో మాట్లాడది. కెమెరా ఎనక ఉండేటోడు ఏ వీడియోల ఉంటడు? టేపులన్నిటి మీద మళ్ల మళ్ల రికార్డు చేసిన్రు. కంప్యూటర్ల మిగిలిన ముక్కలు ఎతికి ఎతికి, అన్నం తినే ఏళల తీసి పెట్టుకున్న. రెండొందల పద్నాలుగు దొరికినయి. రెండు సెకన్లయి, మూడు సెకన్లయి.”

“రోజూ హెడ్‌ఫోన్ పెట్టుకుని అన్నం తింటుంటే పాటలు వింటున్నావనుకున్నా నేను.”

“‘అక్కా, అక్షింతలు నెత్తిమీద ఎయ్యాలె, కండ్లల్ల గాదు’ అంటడు ఒకదాంట్ల. ఇంకోదాంట్ల ఒట్టిగ దగ్గుతడు. ఒకదాంట్ల నా పేరు ఉన్నది మేడం. కొత్తపేటల పెండ్లికి నేను గూడ పోయిన ఆయనతోని. ‘సంధ్యా, బ్యాటరీ తే’ అంటడు. గంతే. నా పేరు పిలిచింది గదొక్కటే ఉన్నది.”

“సంధ్యా, నేను లోపల చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. నడుం పడిపోతోంది. తర్వాత?”

“ఆరు పిన్నుల మూతి కార్డుకు పెట్టుండ్రి. ఒక దిక్కు కొక్కెం ఉంటది. కార్డు మీద గూడ చిన్న పెదవిలెక్క ఉంటది. కొక్కెం దాని దిక్కే ఉండాలె.”

“పెట్టాను.”

“సప్పుడైందా?”

“అయినట్టే ఉంది.”

“అయినట్టే ఒద్దు సార్. సగం పడితే పిన్నుల కాడ కాలుతది. తీసి మళ్ల పెట్టుండ్రి. నాకు గూడ ఇనవడాలె. ఫోను దగ్గర పెట్టుండ్రి మేడం.”

“ఇదిగో, దగ్గర పెట్టాను. పెట్టండి మీరు.”

“ఇను. ఇదిగో.”

“ఆ. ఇప్పుడైంది.”

“ఏమండీ! పైన ఫ్యాను తిరుగుతోంది. కరెంటొచ్చింది!”

“సార్? సార్, చెయ్యి యాడున్నది?”

“లోపలే ఉంది.”

“ప్లగ్గు?”

“పీకే ఉంది అమ్మాయ్, నా కాళ్ల దగ్గర పడుంది.”

“సంధ్యా? ఉన్నావా?”

“ఉన్న సార్. జర నీళ్లు తాగిన.”

“నీకెందుకే భయం? చెయ్యి నాది.”

“చెయ్యి మీదే సార్. డిస్కుల ఆయన ఉన్నడు గద.”

“అమ్మాయ్, నీకో మాట చెప్పాలి. అసలు ఆ...”

“ప్రభా! వెళ్లి టీ పెట్టు.”

“పాలు లేవు. గడ్డిఅన్నారం దాకా వెళ్లొచ్చాను, అన్నీ మూసేశారు.”

“అయితే నోరు మూసుకుని టార్చి పట్టు.”

“కరెంటొచ్చింది కదండీ, టార్చెందుకు?”

“మేడం ఏదో చెప్తున్నరు సార్.”

“ఏం లేదు. వైర్లు ఎలా సర్దాలా అని. చెప్పు.”

“కార్డు మీద ఫ్యానుకు ఏ వైరు తగలద్దు. పొట్టి వైరును ఎనకకు తిప్పి ఏదన్న దారంతోని కట్టుండ్రి. రబ్బరు బ్యాండు ఒద్దు, వేడికి అంటుకపోతది. ఆఖరిగ ఒక్కసారి చూడుండ్రి. డిస్కు వైరు ఊడలే గద?”

“ఊడలేదు.”

“ఏలు పెట్టి చూసి చెప్పుండ్రి.”

“చూశాను, గట్టిగా ఉంది. ఇక ప్లగ్గు పెట్టమంటావా?”

“ఆగుండ్రి. నేను చెప్పేది ఐపోయింది సార్. ప్లగ్గు పెట్టినంక నా అవసరం ఉండది మీకు. అందుకే ఇప్పుడే అడుగుతున్న. పని గురించి గాదు. ఇన్ని రోజులు రాలేదని మళ్ల పని ఇస్తరో ఇయ్యరో మీ ఇష్టం. గా ఫోల్డర్ ఒక డీవీడీల ఎక్కించి ఇయ్యుండ్రి. మీకు చెప్పకుంట ఏం ఎక్కియ్యద్దంటిరి, మార్చినుంచి అడుగుతున్న. రేపు రేపు అంటున్నరు.”

“ఇస్తానన్నానుగా.”

“పొద్దున చూసిన్రా ఫోల్డర్ను? మీ కండ్లతోని?”

“చూశాను.”

“ఎన్నున్నయి?”

“నువ్వు చెప్పినవే. రెండొందల పద్నాలుగు. కింద రాసుంటుందిగా.”

“అమ్మవారి ముంగట పెట్టిన కంప్యూటర్ సార్ అది. దాని మీద చెయ్యి పెట్టి చెప్పుండ్రి.”

“పెట్టాను. ఉంది. చాలా?”

“మేడం, పెట్టిన్రా?”

“... పెట్టారు అమ్మాయ్.”

“మీరు పెట్టుండ్రి ప్లగ్గు. ముందుగాల యూపీఎస్, అటెన్క కంప్యూటర్. ఏదన్న వాసనొస్తే ఎంటనే పీకుండ్రి, చూసుకుంట నిలవడద్దు.”

“ప్రభా, వెయ్యి.”

“నాకు భయంగా ఉంది. మీరే వెయ్యండి.”

“చాల్లే. ఇదిగో. నొక్కుతున్నా. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. రెండూ. కొత్త కార్డు ఫ్యాను కూడా.”

“వాసన?”

“లేదు. కానీ స్క్రీను నల్లగా ఉంది! సంధ్యా, నల్లగానే ఉంది. ఏం రాలేదు. ఏం చేశావే నన్ను? కావాలనే తప్పు చెప్పావా? మీవాళ్లంతా ఇంతే, ఎక్కడ దెబ్బ కొట్టాలో...”

“సార్, తిట్టుడు తర్వాత. మానిటర్ వైరు యాడ పెట్టిన్రు?”

“పాత కార్డుకున్నది ఊడదీసి పక్కదానికి పెట్టాను. మెయిన్ బోర్డుకి.”

“అది తీసి కొత్త కార్డుకు పెట్టుండ్రి. బొమ్మ కార్డు నుంచే ఒస్తది.”

“ముందు చెప్పొద్దూ?”

“మీరు ప్రమాణం చేస్తుంటే మర్చిపోయిన. పెట్టుండ్రి.”

“వచ్చింది. వచ్చిందండీ! ఎంత బాగుంది. రంగులు చూడండి.”

“అబ్బ! ప్రాణం లేచొచ్చింది. త్రినాథరావుగారి పెళ్లి తెరుస్తున్నా. ఆగట్లేదు. చూడు, నీళ్లలా పోతోంది. మూడు గంటల పని గంటలో అయిపోతుంది. సంధ్యా, ఎంతైనా నువ్వు పనిమంతురాలివే.”

“మంచిగైంది సార్. డీ డ్రైవు తెరువుండ్రి.”

“ఇప్పుడా? ముందు ఈ పని కానీ.”

“డీవీడీ తర్వాత ఇయ్యుండ్రి. ఇప్పుడు ఒక్కటి ఫోన్ల ఇనిపించుండ్రి. నూట ముప్పై రెండో నంబరు. రెండు సెకన్లే సార్. నా పేరున్నది.”

“తరవాత ఫోన్ చేస్తాను.”

“సార్, అత్తమ్మ పక్కన్నే కూసున్నది. పొద్దున్నుంచి అన్నం తినలే. కొడుకు గొంతు ఇనిపిస్తనని చెప్పిన. ఆమెకు కండ్లు సరిగ కనవడయి, ఫొటో చూపెట్టినా తెల్వది. చెవులు మంచిగ ఇనవడ్తయి. రెండు సెకన్లు.”

“ఏమండీ, చెప్పేయండి. నావల్ల కాదు.”

“ఏం చెప్పాలె? ఏంది మేడం?”

“సంధ్యా, అది... అది లేదమ్మా.”

“ఏది లేదు?”

“ఆ ఫోల్డరు. దసరాకి రెండు రోజుల ముందు తీసేశాను. కొత్త కెమెరా ఫుటేజీ ఎంత చోటు తింటుందో నీకు తెలుసుగా. స్థలం చాల్లేదు.”

“తీసేసినా దొరుకుతయి సార్. డిలీట్ చేసినయి మళ్ల తెచ్చే సాఫ్ట్‌వేర్ ఉన్నది. ఇంకేం చెయ్యకుండ్రి, కంప్యూటర్ ఆపుండ్రి, దాని మీద ఇంకేం ఎక్కకుంటె...”

“త్రినాథరావుగారి పెళ్లి మొత్తం దాని మీదే ఎక్కించాను. నాలుగుసార్లు.”

“లేదు సార్. పొద్దున చూసిన్రు గద. రెండొందల పద్నాలుగు ఉన్నయన్నరు. చెయ్యి పెట్టి చెప్పిన్రు.”

“సంధ్యా...”

“గంట నుంచి ఉన్నది ఉన్నది అని ఎందుకన్నరు సార్?”

“ఉందని అనకపోతే నువ్వింత జాగ్రత్తగా చెప్పేదానివా?”